సౌండ్ కింగ్ అట

మా గల్లీ మొదట్లో, యాకుత్‌పురా స్టేషను గోడ పక్కన, మొన్న సోమవారం ఒక ఫ్లెక్సీ కట్టారు. పది అడుగుల ఎత్తుంది. అందులో అతని ఫొటో. కళ్లకు నల్లద్దాలు పెట్టారు. బతికుండగా అతను నల్లద్దాలు పెట్టుకోగా నేను చూడలేదు; కంప్యూటర్లో తగిలించి ఉంటారు. వెనక మంటలు లేస్తున్నట్టు రంగులు వేశారు. పైన 'సౌండ్ కింగ్' అని పెద్ద అక్షరాలు. కింద, బోనాల సందర్భంగా వచ్చే ఆదివారం అతని జ్ఞాపకార్థం డీజే పోటీ అనీ, ఎవరి బాక్సులు ఎక్కువ దద్దరిల్లితే వారికే కప్పు అనీ రాశారు.

ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి, చేతిసంచీలోంచి డైరీ తీసి, అందులో ఉన్నదంతా అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాను. కోపం వచ్చినప్పుడు నేను చేసే పని అదే. ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఫిర్యాదుల రిజిస్టరు రాశాను. ఎవరు, ఎప్పుడు, ఏ లైను, ఏం లోపం. ఇంటికొచ్చాక డైరీ కూడా అదే పద్ధతిలో రాయడం అలవాటైంది. ఇప్పుడు రాస్తున్నది కూడా ఒక ఫిర్యాదే అనుకోండి. చనిపోయిన మనిషి తరఫున, అతణ్ణి ఎంతో ప్రేమించామని చెప్పుకునే వాళ్ల మీద.

అతని పేరు ఇక్కడ రాయను. ఎందుకో తర్వాత చెబుతాను.

అతను కీబోర్డు వాయించేవాడు. అతని జోడీదారు నర్సింగ్ ప్యాడ్లు వాయించేవాడు. ప్యాడ్లంటే, పుల్లతో కొడితే డప్పు, డోలు, పిడుగు, ఏది కావాలంటే అది పలికే కరెంటు పలకలు. ఉన్నది ఇద్దరే మనుషులు. వెనక ట్రాలీ ఆటోలో జనరేటరు, దాని వెంట మనిషెత్తు సౌండ్ బాక్సులు. పెళ్లి బారాత్ అయినా, బోనాల ఊరేగింపు అయినా, సినిమా పాటలన్నిటినీ ఒకదాని తోకకు ఒకటి కట్టి తీన్మార్ మీద పరుగెత్తించేవారు. సంతోష్‌నగర్ నుంచి చార్మినార్ దాకా ఈ జోడీ దొరకలేదని పెళ్లి తేదీలు మార్చుకున్న ఇళ్లు నాకు తెలుసు.

వాళ్లిద్దరూ మా గల్లీలోనే ఉండేవారు. అది నా దురదృష్టమని ఆ రోజుల్లో రాసుకున్నాను.

మా ఇంట్లో రేడియో పక్కన గూట్లో ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. బాక్సులు మోగితే ఆ గ్లాసు దానంతట అదే జరిగేది. నేను గూట్లో సుద్దముక్కతో గీత గీసి, ఊరేగింపు రాకముందు గ్లాసును గీత మీద పెట్టి, ఊరేగింపు వెళ్లాక స్కేలుతో కొలిచేవాణ్ణి. 'సాయంత్రం ఆరూ నలభై. గ్లాసు అంగుళమున్నర జరిగినది.' 'ఏడూ పది. రెండంగుళాల పావు.' ఈ కొలతలతో సహా పోలీస్ స్టేషనులో అర్జీలు ఇచ్చాను. మొత్తం పదకొండు. గల్లీలో నా పేరు అర్జీ బాపు అయింది.

అయిదో అర్జీ తర్వాత అతనే మా ఇంటికి వచ్చాడు. కొట్లాటకు వచ్చాడనుకుని గడప దగ్గరే అడ్డంగా నిలబడ్డాను. అతను చెప్పులు విప్పి, నా భుజం మీదుగా లోపలికి చూసి అడిగాడు.

"జరిగే గ్లాసు ఏది బాపు?"

చూపించాను. దగ్గరికి వెళ్లి గోటితో మెల్లగా మీటాడు. గ్లాసు టింగుమంది. నేను నోరు తెరవబోతే కుడిచేతి చిటికెన వేలు పైకెత్తాడు.

"ఇంకుంది," అన్నాడు.

నాకైతే ఏమీ వినబడలేదు. వేలు అలాగే ఉంది. వంటింట్లో మా ఆవిడ కూడా చేస్తున్న పని ఆపి చూస్తోంది. చాలాసేపటికి వేలు దించాడు.

"ఇప్పుడైపోయింది. మంచి గ్లాసు బాపు. పాతది గద. ఇయ్యాల్రేపటి గ్లాసులు గింతసేపు పలుకయ్."

"నా గ్లాసును మెచ్చుకోనీకొచ్చినవా?"

"కాదు. స్టేషన్ల ఎస్సై సాబ్ మీ అర్జీ చదివి వినిపించిండు. రెండంగుళాల పావు అని రాసిండ్రంట. గంత జరుగుతదా, బాపు పెంచి రాసిండా అని చూడనీకి వచ్చిన. మీరు రాసింది నిజమే. మీ గోడ మస్తు ఊగుతది."

అంతే. తప్పయిందనీ అనలేదు, తగ్గిస్తాననీ అనలేదు. నేను ఆ వారమే ఆరో అర్జీ ఇచ్చాను.

ఆ చిటికెన వేలు మాత్రం తర్వాత చాలాసార్లు చూశాను. స్టేషను ముందు మాట్లాడుకుంటుండగా రైలు వెళ్లిపోతే, మా మాటలు ఆగిపోయేవి. రైలు కనుచూపు దాటినా వేలు దిగేది కాదు. పట్టాల్లో ఇంకా ఉందనేవాడు. గుళ్లో ఎవరైనా గంట కొట్టి దండం పెట్టుకుని బయటికి వచ్చేసేవారు. ఇతను ఒక్కడే లోపల వేలెత్తి నిలబడేవాడు. వెనక వరసలో వాళ్లు విసుక్కునేవారు. ఒకరోజు వాళ్లింట్లో భార్యాభర్తల గొడవ గల్లీ అంతా విన్నాం. ఆమె కోపంతో తపేలా విసిరింది. అది గచ్చు మీద గిరగిరా తిరిగింది. ఆ వెంటనే ఆమె గొంతు:

"నేను తిడుతుంటె నీకు అండ్ల సంగీతం వినవడుతున్నదా?"

"నీ తిట్టు అయిపోయింది. తపేలా ఇంకుంది."

వాళ్లది పాడి కుటుంబం. అతని తండ్రి స్టేషను వెనక బర్రెలు పెట్టుకుని పాలు పోసేవాడు. అతను కీబోర్డు ముందు కూర్చునేముందు మెడమీది తువ్వాలు తడిపి, పిండి, ఒక్కొక్క మెట్టునూ తుడిచేవాడు. పాలు పితికేముందు పొదుగు తుడిచే పద్ధతి అది. తొందర పడితే బర్రె పాలు ఇవ్వదని తండ్రి చెప్పేవాడట. అంత నిదానంగా తుడిచినవాడు అంత లొల్లి ఎలా చేసేవాడో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకసారి మా ఇంట్లో మంచినీళ్లు తాగుతూ, "మీ ఫ్రిజ్ మోత సుర్ దిగింది బాపు, జర చూపించుకోండ్రి," అన్నాడు. నేను పట్టించుకోలేదు. పదహారో రోజున ఫ్రిజ్ ఆగిపోయింది. డైరీలో ఆ పాత మాట పక్కన టిక్కు పెట్టాను.

ఇక అసలు సంగతి.

మా గల్లీలో ఒక పాత ఒప్పందం ఉంది. ఎవరు రాశారో, ఎప్పుడు కుదిరిందో తెలియదు గాని అందరూ పాటిస్తారు. అజాన్ మొదలు కాగానే బాజా ఆగాలి. అజాన్ అయిపోయాక కూడా, నమాజుకు వెళ్లేవాళ్లు గల్లీ దాటేదాకా నాలుగు నిమిషాలు ఆగాలి. పెళ్లికొడుకు గుర్రం మీద ఉన్నా, బోనం నెత్తిన ఉన్నా, ఆ నాలుగు నిమిషాలు ఎక్కడివాళ్లు అక్కడే నిలబడతారు. చెమట తుడుచుకుంటారు, నీళ్లు తాగుతారు.

ఒక బారాత్ రోజు ఆ నాలుగు నిమిషాల్లో నేను కిటికీ దగ్గర డైరీతో ఉన్నాను. ఎదురింటి మేడ మీద మగ్గం పని చేసే కార్ఖానా ఉంది. చెక్క చట్రానికి బట్టను బిగదీసి కట్టి, చుట్టూ కూర్చుని జరీ కుడతారు. బట్ట డప్పు చర్మంలా బిగుసుకుని ఉంటుంది కాబట్టి సూది దిగినప్పుడల్లా చిన్నగా టుక్కుమంటుంది. నలుగురు కుడుతుంటే టుక్, టుక్‌టుక్, టుక్. మామూలుగా గల్లీలో ఎవరికీ వినబడదు. ఆ సాయంత్రం అజాన్ అయిపోయింది, జనరేటరు ఆపారు, పైనుంచి ఆ చప్పుడు దిగింది. అతను తల పైకెత్తాడు. చిటికెన వేలు లేచింది.

నాలుగు నిమిషాలు అయిపోయాయి. నర్సింగ్ పుల్లలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"అన్నా, షురూ చేద్దామా?"

వేలు దిగలేదు.

"అన్నా, పిల్లగాడు గుర్రం మీద గూసున్నడు."

వేలు దిగలేదు. పెళ్లివాళ్లలో ఎవరో, "ఏందన్నా, అన్న కూడా నమాజుకు వోయిండా?" అంటే అందరూ నవ్వారు. అప్పుడు మొదలుపెట్టాడు. 'ఏడు నిమిషాల జాప్యం. కారణం తెలియదు,' అని రాసుకున్నాను.

ఆ తర్వాత అతను రోజూ మధ్యాహ్నం ఆ మేడ మీద కనబడేవాడు. కార్ఖానా ఉస్తాద్ ఒకరోజు దారిలో నన్ను ఆపి మొర పెట్టుకున్నాడు.

"క్యా సాబ్, ఆప్‌కే పడోసీ కూ క్యా హువా? హమారీ సూయీ కూ మైక్ లగా రహే. మీ పక్కింటాయనకు ఏమైంది, సూదికి మైకు వెడుతడా సాబ్ ఎవ్వరన్న? మావోళ్లు నవ్వుకుంట కుట్టు తప్పుతున్రు."

ఆ ఏడు బోనాల ఊరేగింపులో అతను మెత్తగా వాయించాడు. పాట లేదు, తీన్మార్ లేదు. ఒక స్వరం పట్టుకుని దాన్ని చాలాసేపు వదల్లేదు. దాని కింద ఆ సూదుల చప్పుడు. పోతరాజు ఒంటినిండా పసుపుతో, కాళ్లకు గజ్జెలతో, చేతిలో కొరడాతో నిలబడిపోయాడు.

"అన్నా, నేనేం చెయ్యాలె ఇప్పుడు? పండుకోవాల్నా?" అన్నాడు పోతరాజు.

జనం గొల్లుమన్నారు. కమిటీ ప్రెసిడెంటు ముందుకు వచ్చి మైకులోనే అన్నాడు: "ఏందిరా భై ఇది, అమ్మవారికి జోల పాడుతున్నవా? పైసలు దీసుకున్నది నిద్రవుచ్చనీకా?" నర్సింగ్ తట్టుకోలేక ప్యాడ్ల మీద విరుచుకుపడ్డాడు. ఆ మెత్తటి స్వరం ఆ దెబ్బల కింద ఎక్కడో ఉండిపోయింది. నెల తిరక్కుండా నర్సింగ్ తన ప్యాడ్లు, బాక్సులు తీసుకుని సంతోష్‌నగర్‌లో వేరే దుకాణం పెట్టుకున్నాడు. ఇక్కడ ఒంటరిగా మిగిలిన ఇతనికి బారాత్‌లు పోయాయి, బోనాలు పోయాయి. పాడైన మిక్సర్లు, మైకులు బాగుచేసుకుంటూ బతికాడు. భార్య పాల బూత్ చూసుకునేది.

ఆ బోనాల రాత్రి డైరీలో నేను రాసింది ఇక్కడ దాచను. 'పదకొండవ అర్జీ ఫలించినది. గ్లాసు కదలలేదు.' గల్లీ కూడా అదే అనుకుంది. అర్జీ బాపుకు భయపడి అన్న మెత్తబడ్డాడని పాన్ డబ్బా దగ్గర చెప్పుకునేవారు. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే రెండు నెలలు కాస్త ఛాతీ విరుచుకుని తిరిగాను.

అతను ఒక సాయంత్రం కీబోర్డు చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చినప్పుడు పెద్దమనిషి తరహాలో అన్నాను.

"నా మాట విన్నవు. సంతోషం నాయనా."

అతను అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక నవ్వడం మొదలుపెట్టాడు. గోడకు ఆనుకుని, కింద కూర్చుని నవ్వాడు.

"మీ అర్జీకొక్క బాక్సు పెంచిన బాపు. పోలీసుల దాకా పోయిన బ్యాండ్ అంటె జనం ఎగవడ్డరు. ఎస్సై సాబ్ పిలిచిన రోజు మూడు బారాత్‌లు బుక్ అయితుండె. మీరు ఇంకొక్క అర్జీ వెడితె పెట్టనీకి ట్రాలీల జాగ లేకుండె."

నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి నవ్వింది, అది మాత్రం వినబడింది. మరెందుకు తగ్గించావని కోపంగానే అడిగాను. అతను నా రాతబల్ల మీద కాగితాలు పక్కకు జరిపి కీబోర్డు పెట్టాడు. తువ్వాలు తడిపి తుడిచాడు. ఒక్కొక్క మెట్టూ. తర్వాత వాయించాడు.

నేను అలవాటు ప్రకారం గడియారం చూసి సమయం రాసుకున్నాను. సూదుల చప్పుడు వచ్చింది. దాని మీద, తెల్లవారుజామున చీకట్లో ఎక్కడో మోటారు నడుస్తున్నట్టు ఒక స్వరం. మధ్యలో ఖాళీ బకెట్లో మొదటి పాలధార పడే చప్పుడు; అది వాళ్ల కొట్టంలో మైకుతో పట్టిందట. రైలు రాలేదు గాని రైలు వెళ్లిపోయాక పట్టాల్లో మిగిలేది వచ్చింది. ఏదీ తొందరపడలేదు. నిమిషానికో గీత చొప్పున డైరీలో పెడుతూ పోయాను. పదకొండో గీత దాకా ఉన్నాయి. ఆ తర్వాత లేవు. మొత్తం పదిహేడు నిమిషాలని అతనే చెప్పాడు. ఆ ఆరు నిమిషాలు నేనేం చేశానో డైరీలో లేదు. నా డైరీలన్నిటిలో అలాంటి ఖాళీ అదొక్కటే.

"దీన్ని ఇంగ్లీషుల ఏందో అంటరంట. ఫోన్ల చూసిన," అన్నాడు. "పేరుతోని నాకేం పని."

"మంచిగనే ఉంది. కని ఎవరింటరయ్యా దీన్ని మన గల్లీల?"

"వింటరు బాపు. తప్పు నాదే. ఊరేగింపు నడుమ పెట్టిన. అప్పుడు చెవులు నిండుగుంటయ్. నిండిన గిన్నెల పోస్తె పొర్లిపోతది. ఆ నాలుగు నిమిషాలు ఆగుతం చూడు, అప్పుడు ఖాళీ అయితయ్. ఆగినంక, మళ్ల లొల్లి షురూ గాకముందు పెట్టాలె. ఒక్క బాక్సు చాలు. నా గల్లీల ఒక్కసారి విన్నరంటె నాకు ఇంకేం వద్దు."

ఆ ఒక్కసారి కోసం కమిటీని మూడేళ్లు అడిగాడు. మూడుసార్లూ నేను పక్కన ఉన్నాను. మూడు తేదీలూ నా దగ్గర ఉన్నాయి. మొదటిసారి చూద్దామన్నారు. రెండోసారి నవ్వారు. మూడోసారి ప్రెసిడెంటు అతని భుజం మీద చెయ్యేసి, "అన్నా, నువ్వు కింగ్‌వు. ఎందుకు ఇజ్జత్ తీసుకుంటవ్?" అన్నాడు. ఆ రోజు తిరిగి వస్తూ స్టేషను గోడ దగ్గర ఆగి జేబులోంచి ఆ పదిహేడు నిమిషాలు ఎక్కించిన పెన్ డ్రైవ్ తీసి నా చేతిలో పెట్టాడు. అప్పటికే గుండెకు మందులు వాడుతున్నాడు.

"మీరు ఏదీ పోగొట్టరు. మీకాడ ఉంచుండ్రి. నేనున్నప్పుడు పెట్టనియ్యకుంటె, నేను పోయేటప్పుడన్న పెట్టిపియ్యుండ్రి. డీజే వద్దు. గిది చాలు."

"గివేం మాటలయ్యా. ఇంట్ల చెప్పినవా?"

"ఇంట్ల చెప్తె తపేలా విసురుతది."

నవ్వాడు. నేను తేదీ వేసి రాసుకున్నాను.

పోయిన చలికాలంలో అతను పోయాడు. మిక్సర్ బాగుచేస్తూ బల్ల మీదికి వాలిపోయాడట. నేను వెళ్లేసరికి ఇంటి ముందు సంతోష్‌నగర్ నుంచి వచ్చిన ట్రాలీ ఉంది. ఎనిమిది బాక్సులు. నర్సింగ్ వాటికి పూలదండలు వేస్తున్నాడు. అతని కళ్లు వాచి ఉన్నాయి. నేను పక్కకు పిలిచి చెప్పాను. డీజే వద్దన్నాడు, ఇదిగో ఇది పెట్టమన్నాడు.

నర్సింగ్ నన్ను చూసిన చూపు మర్చిపోను.

"ఇయ్యాల గూడ అర్జీయేనా బాపు? ఇయ్యాలొక్క రోజు ఊకోరాదు?"

"అర్జీ కాదు. ఆయన మాట. రాసి పెట్టుకున్న."

"మీరు పదకొండు రాసిండ్రు, తెలువదా మాకు? మా అన్నకు నేను తక్కువ జేస్తనా? హైదరాబాద్ మొత్తం ఇనాలె ఇయ్యాల."

ప్రెసిడెంటు వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, మర్యాదగానే, అరుగు మీద కూర్చోబెట్టాడు. పోయినవాడి భార్యను అడగబోయాను. ఆమె గోడకు ఆనుకుని ఉంది. ఆమెకు ఈ సంగతే తెలియదు. "మందికి ఏం దోస్తె గది చెయ్యనీ బాపు," అంది. పెన్ డ్రైవ్ నా చొక్కా జేబులో ఉంది. ఎవరు నమ్ముతారు? ఆ గల్లీలో శబ్దం తగ్గించమని పదేళ్లు అడిగిన మనిషిని నేనే. నా నోట ఆ మాట వస్తే అది నా మాటే అవుతుంది గాని చనిపోయినవాడి మాట ఎలా అవుతుంది? నా అర్జీలు అతని బాక్సులు పెంచాయని అతను నవ్వాడు. అతను పోయిన రోజున కూడా అవే పెంచాయి.

దారి మధ్యలో పాడె దింపారు. మన పద్ధతి తెలిసిందే. దింపుడు కల్లం దగ్గర అయినవాళ్లు చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. అతని తోడబుట్టిన అన్న మోకాళ్ల మీద కూర్చుని చెవిలో పిలిచాడు. ఎనిమిది బాక్సులూ మోగుతున్నాయి. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆయన పెదాలు కదలడం చూశాను. మూడుసార్లు కదిలాయి. పేరు వినబడలేదు. పిలిచినవాడికే వినబడి ఉండదు. గ్లాసు చప్పుడు తోకను పట్టుకుని వేలెత్తి నిలబడిన మనిషి, ఫ్రిజ్ జబ్బు పసిగట్టిన మనిషి. ఆ చెవిలో చివరిసారి పడవలసిన ఒక్క మాటను డప్పు దెబ్బలతో తొక్కేశారు. పక్కన కుర్రకారు ఈలలు వేస్తూ ఎగురుతున్నారు. నర్సింగ్ ఏడుస్తూ వాల్యూమ్ పెంచాడు.

గడియారం చూశాను. సాయంత్రపు అజాన్‌కు ఇంకా ఇరవై నిమిషాలుంది. ఇరవై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరి ఉంటే గల్లీ అంతా దానంతట అదే ఆగేది. ఆ లెక్క ఆ రోజు నేను ముందే వేసుకోలేదు. అందుకు నా మీద నాకు ఉన్న కోపం ఇంకా తగ్గలేదు.

అందుకే అతని పేరు ఇక్కడ రాయలేదు. ఆ పేరు మా గల్లీలో అందరూ వినేలా ఒకసారి పలకాలి. అప్పటిదాకా రాయను.

ఇప్పుడు ఈ ఫ్లెక్సీ. సౌండ్ కింగ్ అట. అతను మెత్తగా వాయించిన ఆరేళ్లూ ఆ ఫ్లెక్సీలో లేవు. వాళ్ల లెక్కలో అతను ఆరేళ్ల కిందటే పోయాడు. కోరిన ఒక్క కోరిక మూడుసార్లు కాదన్నవాళ్లు, ఇప్పుడు అతని పేరు మీద కప్పులు పంచుతారట. నేను పన్నెండో అర్జీ రాద్దామని కూర్చున్నాను. తేదీ కూడా వేశాను. తర్వాత ఆ కాగితం చించేసి నిన్న పొద్దున కమిటీ గదికి వెళ్లాను.

ప్రెసిడెంటు, నర్సింగ్ బల్ల దగ్గర కూర్చుని పోటీకి పేర్లు రాసుకుంటున్నారు. నన్ను చూసి ప్రెసిడెంటు పెన్ను కింద పెట్టాడు.

"రాండ్రి బాపు. అర్జీ తెచ్చిండ్రా?"

"లేదు. ఫారం ఇయ్యి."

"ఏం ఫారం?"

"పోటీల పేరిస్త."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రెసిడెంటు నవ్వు ఆపుకుంటూ ఫారం జరిపాడు. కింద నిబంధనలున్నాయి. నేను అన్నీ చదివాను. ఎవరూ చదవరని నాకు తెలుసు. ఏ వయసువారైనా పాల్గొనవచ్చు. బాక్సులు ఎన్నయినా ఉండవచ్చు. బాక్సుల సంఖ్య దగ్గర 'ఒకటి' అని రాశాను.

"ఒక్క బాక్సుతోని గెలుస్తరా బాపు?" అన్నాడు ప్రెసిడెంటు.

"గెల్సుడు నీకెందుకు. నంబర్ ఆరు రాసుకో."

"ఆరే ఎందుకు?"

చెప్పలేదు. పోటీ అయిదింటికి అని ఫ్లెక్సీలో ఉంది. ఈ కమిటీ ఏ కార్యక్రమమైనా ముప్పావు గంట ఆలస్యంగా మొదలుపెడుతుందని నా పాత డైరీలన్నీ చెబుతున్నాయి. జట్టుకు పదిహేను నిమిషాలు. అయిదో జట్టు వంతు అయిపోతుండగా అజాన్ వస్తుంది. తర్వాత నాలుగు నిమిషాలు. ఆ తర్వాత పిలిచేది ఆరో నంబరును.

 నర్సింగ్ ఫారం తన వైపు తిప్పుకుని చూశాడు.

"టైం పదిహేడు నిమిషాలు అని రాసిండ్రు. రూల్ పదిహేనే."

"నాది పదిహేడే."

అతను నా చొక్కా జేబు వైపు చూశాడు. పదిహేడు నిమిషాల వస్తువు ఏమిటో అతనికి తెలియకుండా ఎలా ఉంటుంది? చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

"బాక్సు ఎవరిది దెస్తరు?"

"ఇంకా చూసుకోలేదు."

"నేను దెస్త. చిన్నది." తల ఎత్తకుండా, "అప్పుడు నిజంగనే అన్నడా బాపు, డీజే వద్దని?" అని అడిగాడు.

"తేదీతోని ఉంది. చూస్తవా?"

చూడనన్నాడు. నేనేమీ అతణ్ణి క్షమించలేదు. బాక్సు మాత్రం తీసుకుంటాను.

జట్టు పేరు అనే గడి ఒక్కటి మిగిలింది. అందులో అతని పేరు రాశాను. ఇంటిపేరుతో సహా, విడివిడి అక్షరాలతో, ఎవరూ తప్పు చదవడానికి వీల్లేకుండా. ప్రెసిడెంటు చదివి నవ్వడం మానేశాడు. ఏదో అనబోయాడు గాని నర్సింగ్ ఫారం మీద ముద్ర వేసేశాడు.

నిబంధనల్లో ఏడోది కమిటీవాళ్లే పెట్టుకున్నారు. జట్టు వంతు రాగానే పేరును మైకులో మూడుసార్లు పిలవాలి. ఆదివారం, ఆ నాలుగు నిమిషాలు అయిపోయిన వెంటనే, బాక్సులన్నీ ఆగి ఉన్నప్పుడు, గల్లీ అంతా నిలబడి ఉన్నప్పుడు, ప్రెసిడెంటు తన నోటితోనే పిలుస్తాడు. మూడుసార్లు.